అక్క పేరు మీద ఇచ్చిన సీసా

మూత్రం గురించి రాస్తున్న. ఆ మాట దగ్గర ముఖం తిప్పుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మా ఇంట్లో అందరం అక్కడనే ఆగిపోయినం. అందుకే ఒక మనిషి పోయింది. ఇంకొక మనిషి సగం తోవ దాక పోయి తిరిగొచ్చింది. తిరిగొచ్చింది నేను.

పోయిన నెల పట్నం దవాఖానలో చూపించుకుంటే డాక్టరమ్మ ఇకనుంచి మూడు నెలలకు ఒకసారి వస్తే చాలన్నది. మెహదీపట్నంలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్న. సంతోషపడవలసిన రోజు. నాకు రోత పుట్టింది. మొయినాబాద్ దాటినా తగ్గలేదు. ఎవరికన్నా చెప్పుకుంటే తగ్గుతదేమో అనుకున్న గాని, చెప్పవలసిన మనిషి లేదు. అందుకే కాగితం మీద పెడుతున్న.

నేను సర్కారు బడిలో టీచర్‌ను. ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం చెప్తాను. మూత్రపిండాలను నల్లబల్ల మీద రెండు చిక్కుడు గింజల తీరు గీసి, పక్కన గీతలు పెట్టి పేర్లు రాయించేదాన్ని. మనిషి రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో పుస్తకంలో ఉన్నట్టే చెప్పేదాన్ని. ఆ పాఠం చెప్పే రోజుల్లో పొద్దున తాగిన చాయ తప్ప సాయంత్రం దాక గుక్కెడు నీళ్లు ముట్టకపోయేదాన్ని. బడిలో ఆడవాళ్లకు పోయే జాగ లేదు. తాగితే పోవాలె. పోవడానికి జాగ లేకపోతే తాగవద్దు. ఇంత చదువుకున్న నాకు ఇది రోగానికి తోవ అని తట్టలేదు. అలవాటు అనుకున్న.

మా ఊరు మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు దిగి లోపలికి పోతే వస్తది. ఇంట్లో మేం ఇద్దరం కోడళ్లం. పెద్దకోడలు అంజమ్మ, ముడిమ్యాల ఊరి ఆడబిడ్డ. చిన్నకోడలిని నేను. యారాళ్లం గాని నేను ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని. ఆమె పెనిమిటి, మా బావ, ఒకసారి వార్డు మెంబరుగా గెలిచి, తర్వాత భూముల బేరాల్లో దిగిండు. నా పెనిమిటి పాల కేంద్రంలో పని చేస్తడు. అన్న మాటకు ఎదురు చెప్పడు. ఇంటికి పెద్ద మా అత్త.

మా ఊరి వెనుక సర్కారు తుమ్మలు మొలిచిన చెలకలు ఉండేవి. ఆడవాళ్లం చెంబు పట్టుకొని చెంబట్క అక్కడికే పోయేది. అక్కా నేనూ పన్నెండేండ్లు కలిసే పోయినం. తెల్లారకముందు మబ్బుల ఒకసారి, పొద్దుమూకినంక ఒకసారి. ఆమె ముందట, నేను వెనుక. ఇంట్లో మాట్లాడుకోలేని ముచ్చట్లన్నీ అక్కడ మాట్లాడుకునేది. "అత్త చెవి పడని జాగ లోకంల ఇదొక్కటే ఉన్నది" అనేది అక్క.

మాదాపూర్ దిక్కు పెద్ద పెద్ద ఆఫీసులు లేచినయి. అక్కడ పని చేసేవాళ్లు ఆదివారాలు కార్లేసుకొని మా దిక్కు భూములు చూడడానికి రాసాగిన్రు. రెండువేల మూడో సంవత్సరంలో ఆ తుమ్మల చెలకలు వెంచర్ అయినయి. బేరం కుదిర్చింది మా బావనే. ముందు తుమ్మలు కొట్టిన్రు. తర్వాత చుట్టూ గోడ పెట్టిన్రు. ఎక్కడా సందు లేకుండ కట్టించినమని బావ అన్నం తినుకుంట గొప్పగా చెప్పిండు. అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. ఊళ్లోని ఆడవాళ్లు ఎక్కడికి పోవాలె అని ఒక్క మగవానికి తట్టలేదు. వాళ్లకు ఆ గోడ అడ్డం కాలేదు, ఆసరా అయింది. మూత్రం పోయరాదని రాసిన బోర్డు కిందనే నిలబడి పోసేవాళ్లు.

మాకు రోడ్డు పక్క కాలువ గట్టు ఒక్కటే మిగిలింది. ఫామ్‌హౌస్‌లకు పోయే కార్లు మబ్బుల కూడ తిరిగేవి. దూరంగా లైటు కనపడంగనే ఆడవాళ్లందరం లేచి నిలబడాలె. కారు పోయినంక మళ్ల కూసోవాలె. ఇంకో కారు. మళ్ల లేవాలె. పన్నెండు మందిమి ఒక్కసారి లేచి వరుసగ నిలబడితే అక్క అన్నది: "సర్పంచ్ వస్తె గూడ ఇంత మర్యాద చెయ్యలేదు గదనే మనం." అందరం నవ్వినం.

మా ఇంట్లో మరుగుదొడ్డి లేదని కాదు. ఉన్నది. బావ ముందటి అర్రకు ఆనుకొని తెల్లటి పలకలు పరిచి, కుర్చీ లెక్క కూసునేది పెట్టించిండు. అది భూములు చూడడానికి వచ్చే పార్టీలకు. పట్నం ఆడవాళ్లు ముందు అదే అడుగుతరట, అది శుభ్రంగ ఉంటేనే బేరం ముందుకు పోతదట. ఇంటి కప్పు కింద, దేవునర్రకు గోడ అవతల అటువంటిది వద్దని అత్త కొట్లాడింది. చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చిన్రు. కట్టుకోవచ్చు, ఇంటివాళ్లు మాత్రం పోవద్దు. ఇంటివాళ్లు పోకుంటే ఇల్లు మైలపడదు. తాళం చెవి క్యాలెండర్ కింద మేకుకు వేలాడేది. అక్క వారానికి రెండుసార్లు ఆ గది కడిగేది. కడిగి తాళం వేసి, చెంబు పట్టుకొని కాలువ గట్టుకు నడిచేది. నేను చూసేదాన్ని. ఇది తప్పు అని ఒక్కనాడు కూడ అనలేదు. ఇంట్లో అందరికీ సమ్మతి అయిన పని నాకూ సమ్మతే అన్నట్టు ఉన్న.

అప్పటినుంచి అక్క నీళ్లు తగ్గించింది. పొద్దున రొట్టెతోటి ఒక గ్లాసు. మధ్యాహ్నం చేమంతి తోటలో పూలు తెంపి వచ్చినంక సగం గ్లాసు. పొద్దుమూకే ముందు ఏమీ లేదు. నాకు ఆమె చెప్పిన ఉపాయం ఏమిటంటే, దూపైతే నీళ్లు నోట్లో పుక్కిలించి ఊంచాలె. బడిలో నేనూ అదే చేసిన.

రెండువేల నాలుగు ఎండాకాలం అక్కకు మంట మొదలైంది. మూత్రం పోసేటప్పుడు ముఖం ఎట్ల పెట్టేదో నాకు తెలుసు, పక్కనే కూసునేదాన్ని గనక. ఇంట్లో చెబితే వేడి చేసిందన్నరు. వేడి అన్న మాట మా దగ్గర అన్నిటికీ అతుకుతది. సబ్జ గింజలు, మజ్జిగ, నాలుగు రోజులు కారం తక్కువ. తగ్గినట్టే తగ్గేది. నెల తిరగకుండ మళ్ల వచ్చేది. రెండోసారో మూడోసారో చలిజ్వరం కూడ వచ్చింది. రోహిణి ఎండలో రెండు దుప్పట్లు కప్పుకొని వణికింది. ఊళ్లో మోటారు సైకిల్ మీద తిరిగే ఆర్ఎంపీ వచ్చి నడుముకు సూది ఇచ్చిండు. నడుం నొస్తుందన్నది గనక నడుముకు. మంట సంగతి ఆయనకు చెప్పలేదు. ఎట్ల చెప్తది, బావ పక్కనే నిలబడ్డడు.

సూది బాగా పని చేసింది. అదే వచ్చిన కష్టం. నొప్పి పోయేది, ఆమె తోటకు పోయేది. పది రోజులకు మళ్ల సూది. నొప్పి గోలీలు మాత్రం బొడ్లో సంచీలోనే ఉండేవి, వక్కపలుకులు నోట్లో వేసుకున్నట్టు వేసుకునేది.

తర్వాత వాసన వచ్చింది. ఈ మాట రాయడానికి చేయి ఆగుతున్నది, అయినా రాయాలె. చీర మార్చినా పోకపోయేది. కుళ్లిన చేపలు, చిలుం పట్టిన ఇనుము కలిపితే వచ్చేటువంటి వాసన. నేను పక్కన కూసున్నప్పుడు మెల్లగ జరిగేదాన్ని. అత్త అయితే మాటతోనే చెప్పింది. నెలసరి ఉన్నప్పటి తీరు దూరం కూసో అన్నది, వంటింట్లకు రావద్దన్నది. అక్క వాకిట్లో చాప వేసుకొని పూలు కట్టేది. ఇంట్లో ఒక మనిషి కుళ్లిపోతున్నదని అందరి ముక్కులకూ తెలిసింది. ఎవరి నోటికీ రాలేదు.

వానలు పడ్డంక ఆర్ఎంపీకే అనుమానం వచ్చి మూత్రం పరీక్ష చేయించుమన్నడు. చేవెళ్ల బస్టాండు దగ్గర ఒక్క షట్టరు అంత ల్యాబ్ ఉన్నది. దాన్ని నడిపేది శ్రీశైలం. అక్కకు మేనమామ కొడుకు, ముడిమ్యాల మనిషి. చిన్నప్పుడు వీళ్లిద్దరికి పెండ్లి చేద్దామని పెద్దవాళ్లు అనుకున్నరు గాని పొలం కాడ మాట తేడా వచ్చి చెడిపోయింది. శ్రీశైలం ఇప్పటికీ అక్క కనబడితే ఆటలాడేవాడు. "ఏందే అంజమ్మ, నన్నొద్దనుకొని బాగనే ఉన్నవా?" అనేవాడు. ఆమె కూడ తగ్గేది కాదు. బావ మరో ల్యాబ్‌కు పోవద్దన్నడు. మనోడు ఉండంగ పరాయివాళ్ల దగ్గరికి పోతే ఏమనుకుంటరు అన్నడు. నన్ను తోడిచ్చి పంపిండు.

శ్రీశైలం చేతిలో చిన్న ప్లాస్టిక్ సీసా పెట్టిండు. అందులో పోసుకొని రమ్మన్నడు. ఆ రోజు ఆటలాడలేదు, తల ఎత్తకుండనే ఇచ్చిండు. ల్యాబ్‌లో ఆడవాళ్లకు గది లేదు. షట్టర్ల వెనుక, చెత్త కుప్ప పక్కన రేకు అడ్డం పెట్టి ఉన్నది. దాని వెనుకకు పోయినం. అక్క లోపలికి పోయి వచ్చింది. సీసా కొంగు కింద దాచుకొని నాకు ఒక్కసారి చూపించింది. అల్లం మురబ్బా రంగు. అడుగున ఎర్రటి దారాలు.

"ఎర్రగున్నది సుజాతా. వాని ముందట ఇది ఎట్ల పెట్టుదు? నేను సస్త గాని పెట్ట."

సీసాలోది చెత్త మీద పారబోసి, నల్లా దగ్గర కడిగింది. తర్వాత నా చేతికి ఇచ్చింది. నువ్వు పోసియ్యి అన్నది. నేను రేకు వెనుకకు పోయి పోసి ఇచ్చిన. నాది తెల్లగ ఉన్నది. దాని మీద అంటించిన కాగితం మీద శ్రీశైలం చేతి రాతతో అంజమ్మ అని, పెనిమిటి పేరు, ఊరు పేరు రాసి ఉన్నయి.

సాయంత్రానికి కాగితం ఇచ్చిండు. అన్నీ బాగానే ఉన్నయి, ఫికర్ చెయ్యకు అన్నడు. అక్క బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. చాలా రోజులకు ఆమె అంత నెమ్మదిగా నిద్రపోవడం చూసిన. నాకు కూడ ఏదో గండం గడిచినట్టు అనిపించింది. ఏం గండం గడిచిందో ఇప్పుడు ఆలోచిస్తే, సిగ్గుపడే గండం ఒక్కటే.

ఆ కాగితం చూసి ఆర్ఎంపీ ఇది మూత్రం రోగం కాదన్నడు, నడుము నరం అన్నడు. ఇంకో నాలుగు నెలలు సూదులు.

బతుకమ్మ పండుగకు ఊరి ఆడవాళ్లు పూల కోసం మా తోటకు వచ్చిన్రు. అక్క వాకిట్లో చాప మీది నుంచి లేవలేదు. కాళ్లు వాచి ఉన్నయి, వేలితో నొక్కితే గుంట పడి అట్లనే ఉండేది. రొట్టె వాసన వస్తే కక్కేది. ముఖం ఉబ్బి కండ్లు చిన్నగ అయినయి. లావైనవే అని ఎవరో అన్నరు. దసరా వెళ్లిన మూడో రోజు మాట తడబడ్డది. అప్పుడు కారు కట్టిన్రు. పార్టీలను తిప్పే కారే.

పట్నంలో పెద్ద దవాఖాన. పేరు చెప్పను. కింద అద్దాల తలుపులు, పూల కుండీలు. మేం రెండు రోజులు కూసున్న వరండా మాత్రం వెనుక ఉన్నది. కిడ్నీ రోగుల వార్డు బయట ఆడవాళ్లకు ఉన్న పాయఖాన గడియ విరిగింది, నేల మీద నీళ్లు నిలిచి చెప్పులు తడిసేవి. తలుపు పడకుండ ఒకరు లోపల ఉంటే ఒకరు బయట పట్టుకునేది. మూత్రం రోగాలకు మందు ఇచ్చే చోటనే మూత్రం పోయడానికి జాగ లేదు. శంకర్‌పల్లి దిక్కు నుంచి వచ్చిన ఒక కూరగాయలామె పెనిమిటిని చేర్పించి మా పక్కన కూసున్నది. తలుపు నేను పట్టుకుంట పో బిడ్డా అన్నది. రెండు రోజులు నా కోసం ఆమె, ఆమె కోసం నేను ఆ తలుపు పట్టుకున్నం. పేరు అడగలేదు. ఆ దవాఖానలో నాకు దొరికిన మర్యాద అదొక్కటే.

స్కాన్‌లో ఒక కిడ్నీ నిండ రాయి, చుట్టూ చీము అని తేలింది. రెండోది కుంచించుకపోయింది. డాక్టరమ్మ మా బావ తెచ్చిన కాగితాలు చూసుకుంట ఒక కాగితం దగ్గర ఆగింది. చేవెళ్ల కాగితం. నాలుగు నెలల కింద మూత్రంలో ఏమీ లేదని ఉన్నది. స్కాన్ చూస్తే ఏండ్ల నాటి రోగం. రెండూ ఒకే మనిషివి ఎట్ల అయితయి అన్నది. ఇది కొత్తగా మీద పడిందా, పాతదా తెలియాలె, దాన్ని బట్టి ఏం మిగుల్తదో చెప్పగలం అన్నది.

బావకు కోపం లేచింది. వరండాలోకి వచ్చి శ్రీశైలానికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టిండు. నీ షట్టరు మూయించకపోతే చూడు, నీ కాళ్లు ఇరగ్గొడ్త అన్నడు. మధ్యాహ్నానికి శ్రీశైలం తన రిజిస్టరు సంకలో పెట్టుకొని వచ్చిండు. చెమటలు. పేజీ తీసి వేలు పెట్టి చూపిస్తున్నడు. తప్పు పోలేదు అన్నా, నేనే చూసిన అన్నా, అని అదే మాట పదిసార్లు అన్నడు. బావ రిజిస్టరు గుంజి నేలకు కొట్టిండు. చెయ్యి లేపిండు.

నేను లేచి నిలబడ్డ. డాక్టరమ్మ తలుపు దగ్గర ఉన్నది. నా పెనిమిటి గోడకు ఆనుకొని ఉన్నడు.

"ఆయన తప్పు లేదు. అందుట్ల పోసింది నేను. అది నా మూత్రం."

వరండాలో కూసున్నవాళ్లందరు విన్నరు. బావ చెయ్యి కిందికి దిగింది. నా వైపు చూసిండు. భార్య చావుబతుకుల మధ్య ఉన్నదని గాని, నాలుగు నెలలు పోయినయని గాని ఆ ముఖంలో లేదు. తమ్ముని పెండ్లాం పదిమందిలో ఆ మాట అన్నదని ఉన్నది. ఛీ అన్నడు. అని మెట్లు దిగి పోయిండు. ఆ ఒక్క ఛీ నా చెవిలో ఇంకా ఉన్నది. అది చాలా రోజుల కింద, తాళం వేసిన ఆ గది మీద, నేను అనవలసిన మాట.

డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి కూసోబెట్టింది. తిట్టలేదు. ముందే తెలిస్తే ఒకటన్నా మిగిలేదా అని నేనే అడిగిన. మిగిలేదేమో అన్నది. ఆ "ఏమో" నా కోసం కలిపిందని నాకు అర్థమైంది.

శ్రీశైలం నేల మీది కాగితాలు ఏరుకొని, పర్మిషన్ అడిగి వార్డులోకి పోయిండు. అక్క మంచం కాడ నిలబడ్డడు. అప్పటికి ఆమెకు తెలివి ఉన్నది.

"రోజుకు యాభై సీసాలు చూస్తనే నేను. నీది చూస్తె సస్తనా?"

అక్క గోడ వైపు తిరిగింది. ఆ గోడ వైపు నుంచే అన్నది: "నువ్వు గాదురా, నేను సచ్చేదాన్ని."

చీము తీసిన్రు. ప్రాణం నిలిచింది. కిడ్నీలు నిలవలేదు. వారానికి రెండుసార్లు రక్తం కడిగించాలన్నరు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ బావకు గట్టిగా చెప్పింది, ఈమె చెంబు పట్టుకొని బయటికి పోకూడదు, ఇంట్లోనే పోవాలె అని. బావ మేకు మీది చెవి తీసి పార్టీల గది తాళం తెరిచిండు. అత్త దేవునర్ర తలుపు మూసుకున్నది. అక్క ఆ గది దాక నడిచి, లోపలికి చూసి, తిరిగొచ్చి చాప మీద పడుకున్నది. అప్పటికే ఆమెకు మూత్రం రావడం ఆగిపోయింది. కిడ్నీలు పూర్తిగా పోతే అట్లనే అవుతదట. గది ఆమె కోసం తెరిచిన్రు. వాడుకున్నది నేను.

ఏడు నెలలు బతికింది. నీళ్లు ఇంతకంటే తాగొద్దని గ్లాసు మీద గీత పెట్టి ఇచ్చిన్రు. జాగ లేనన్ని రోజులు దూపతో ఉన్నది. జాగ దొరికినంక కూడ దూపతోనే పోయింది. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయను. పోయిన రోజు పొద్దున నాతో ఏదో అనబోయి, తర్వాత చెప్తలే అన్నది.

దవాఖానలో నన్ను లోపలికి పిలిచిన రోజే డాక్టరమ్మ నాకో మాట చెప్పింది. మీరిద్దరూ ఒక్క తీరుగనే బతికిన్రు గద, నీదొకసారి ఇచ్చిపో అన్నది. నేను ఇయ్యలేదు. ఒకసారి బాగుందని వచ్చింది గద అనుకున్న. అక్క పోయిన నెలకు, బడిలో నల్లబల్ల మీద రాస్తుంటే కుడి పక్క ఎవరో కత్తి దించి తిప్పినట్టు అయింది. సుద్దముక్క జారిపోయింది. పిల్లల ముందటనే కక్కుకున్న. ఇంటికి తెచ్చి పడుకోబెడితే, ఆర్ఎంపీని పిలుస్తనని నా పెనిమిటి చెప్పులేసుకున్నడు. వద్దన్న. పట్నం తీసుకపో అన్న. పండ్లు గిట్టకరిచి బస్సులో పోయిన.

నాకు రాయి జారి మూత్రం దిగే గొట్టంలో అడ్డం పడ్డది. దాని వెనుక చీము మొదలైంది. ఇంకో పది రోజులు సూదులతోటి గడిపితే అక్క తోవే అన్నరు. రాయి తీసి, లోపల సన్నటి పైపు పెట్టి ఆరు వారాలు ఉంచిన్రు. ఆ ఆరు వారాలు మూత్రం పోసిన ప్రతిసారి ఎర్రగనే వచ్చింది. మంట కండ్ల దాక ఎక్కేది. అక్క ముఖం ఎందుకట్ల ఉండేదో అప్పుడు తెలిసింది. తెలుసని ముందు రాసిన. చూసిన అని రాయవలసింది.

మొదటి రోజు ఆయమ్మ మంచం కింద గిన్నె పెట్టి, నిండినంక తీసి వెలుతురుకు పట్టి చూసి, నిన్నటికంటే నయమున్నది అన్నది. మొగులు చూసి వాన సంగతి చెప్పినట్టు చెప్పింది. ముఖం చిట్లించలేదు, ముక్కు మీద కొంగు పెట్టుకోలేదు. నేను ఏడ్చిన. నొప్పికి అనుకొని నర్సును పిలిచింది.

ఇప్పుడు బడికి రెండు సీసాల నీళ్లు తీసుకపోతా. పీరియడ్ మధ్యలో లేచి, బడి పక్క ఇంటి వాళ్లను అడిగి వాళ్ల దాంట్లో పోయొస్తా. హెడ్మాస్టరు మొదట్లో గడియారం చూసేవాడు. చూడనిచ్చిన. ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు మూత్రపిండాల పాఠం చెప్పేటప్పుడు మగపిల్లలను బయటికి పంపను. మంట వస్తే, ఎర్రగ వస్తే, నురగ వస్తే, చలిజ్వరం వస్తే వేడి అనుకోవద్దని, సూదితోటి అణచొద్దని చెప్తా. పిల్లలు కిసకిస నవ్వుతరు. నవ్వనిస్తా.

ఇంకొక మాట ఉన్నది. దవాఖాన వరండాలో చెప్పింది సగమే. మిగిలిన సగం ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు రేకు వెనుక అక్క ముందు అడిగింది నా మూత్రం కాదు. సీసా కొంగు కింద పట్టుకొని ఆమె అన్నది ఇది: "ఇది నీదని చెప్పు సుజాతా. నీ పేరు రాయించు. రోగమేందో తెలుస్తది. మందు నేను మింగుత." ఆమె సిగ్గులో కూడ తెలివి ఉన్నది. ఆ సీసా నా పేరు మీద పోయినా సరే, శ్రీశైలం చూసేవాడు. చూస్తే తెలిసేది. నేను సీసా వైపు చూసిన. వాసన వచ్చింది. నా పేరు మీద అదా, టీచర్‌ను, రేపు చేవెళ్లలో నలుగురు ఏమనుకుంటరు అనుకున్న. ఛీ, అది నాదని ఎట్ల చెప్త అక్కా అన్న. కావాలంటే నీ పేరు మీద నాది ఇస్త అన్న. అప్పుడే ఆమె పారబోసింది.

బావ అన్న ఛీ నేను నాలుగు నెలల ముందే అన్న. ఇంత రోత ఎవరి మీద అని బస్సులో నన్ను నేను అడుగుకుంటే పేరు దొరకలేదని కాదు, దొరికిందాన్ని రాయడానికి ఇన్ని కాగితాలు పట్టినయి.

ఇది రాస్తుండంగ మొన్న మంగళవారం పొద్దున్నే అత్త నా అర్ర దగ్గరికి వచ్చింది. మనిషి వంగిపోయింది. వారం నుంచి గోడ పట్టుకొని లేస్తున్నది, నేను గమనించిన గాని అడగలేదు. ఆమెతోటి నాకు మాటలు తక్కువ. కొంగు కింద ఏదో పట్టుకొని ఉన్నది. తీసి గడప మీద పెట్టింది. మేం నీళ్లు తాగే స్టీలు గ్లాసు. మూడు వంతులు నిండి ఉన్నది. పైన తమలపాకు మూత.

"మబ్బుల పట్టిన. మూడు దినాల సంది గిట్లనే ఉన్నది" అన్నది. నా ముఖం చూడలేదు.

ఆకు తీసి చూసిన. మురికి రంగు. కొంగు ముక్కు మీదికి పోతుంటే దించుకున్న. ఈమెనే గద చాప వాకిట్ల వేయించింది అని కూడ అనిపించింది. ఆ అనిపించింది పోవడానికి కొంచెంసేపు పట్టింది. అత్త పోలేదు, అక్కడనే నిలబడ్డది.

దీనికి వేరే సీసా ఉంటది అత్తా, ల్యాబ్‌లనే ఇస్తరు, గ్లాసు అక్కరలేదు అన్న. బస్సుకు తయారు కమ్మన్న. శ్రీశైలం దగ్గరికి పోదామన్న. తల ఊపింది. రెండడుగులు వేసి ఆగింది.

"టీచరమ్మా. నా పేరు మీదనే రాయమను."

గ్లాసు తీసుకపోయి పారబోసి, బూడిదతోటి తోమి, ఎండలో బోర్లించిన. చెయ్యి వాసన పోలేదు. అట్లనే కొంగుతోటి తుడుచుకొని, అత్త చెయ్యి పట్టుకొని బస్టాపుకు నడిచిన.